నూనె అంటని వెంట్రుక

ఆ మంగళవారం పొద్దున దేవసహాయం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా పెళ్లిచీర ఆరబెట్టాలి, పన్నెండుకు అన్నం తినాలి, రెండు గంటల బస్సుకు భార్యతో కలిసి ఆళ్లగడ్డకు పోవాలి. మరునాడు పొద్దున అక్కడి చర్చిలో మరదలు ఏసమ్మ పెళ్లి. ముసురు ఇలాగే పట్టుకుంటే వాగులు పొంగుతాయి, రెండు గంటల బస్సు పోయాక ఇంకో బస్సు ఉంటుందో లేదో చెప్పలేం. ఇందులో బుర్ర ఉపయోగించాల్సిన పని ఒక్కటీ లేదు. మాస్టారితో చిక్కంతా అదే. అవసరం లేని చోట ఆయన బుర్ర మహా చురుగ్గా పనిచేస్తుంది.

చీర జీవమ్మది. పదకొండేళ్ల కిందట అక్క కట్టుకున్న ఆ తెల్ల పట్టుచీర కట్టుకుంటే తప్ప చర్చి మెట్టు ఎక్కనని ఏసమ్మ మొండిపట్టు పట్టింది. నంద్యాలలో నాలుగు రోజులుగా వాన. నిన్న సాయంత్రం మట్టిమిద్దె కారి, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు ఎర్రనీళ్లు నేరుగా ట్రంకుపెట్టెలో పడ్డాయి. జీవమ్మ ఏడుస్తూ చీర ఉతికింది. మరక పోయింది, తడి మాత్రం పోలేదు. తెల్లారినా చీర దండెం మీద బరువుగా వేలాడుతూనే ఉంది.

"చాకలాయన దగ్గర ఇస్త్రీపెట్టె అడుక్కొని రాయ్యా. మెల్లగా రుద్దుకుంటా," అంది జీవమ్మ.

"పట్టు మీద నిప్పురవ్వ పడితే? నా బీరువా ఉండంగా ఇస్త్రీపెట్టె ఏందీ!"

దేవసహాయం హైస్కూల్లో సైన్సు అయ్యవారు. కరెంటు వచ్చిన కొత్తలో పాత కొయ్యబీరువా ఒకటి కొని, అడుగున హీటర్ తీగ బిగించి, బట్టలు ఆరబెట్టే యంత్రం చేశాడు. అందులో ఆయన గొప్పగా చెప్పుకునేది వేడి కాదు, వెంట్రుక. మనిషి వెంట్రుక చెమ్మకు సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. బీరువాలో అడ్డంగా ఒక పొడుగాటి వెంట్రుక కట్టి, దాని కొసను స్విచ్చికి తగిలించాడు. బట్ట ఆరిందంటే వెంట్రుక బిగిసి స్విచ్చిని లాగాలి, కరెంటు ఆగాలి, ఒక ఇనుప గుండు జారి ఇత్తడి పళ్లెం మీద ఠంగుమని పడాలి. మాస్టారిది నున్నటి బట్టతల కాబట్టి వెంట్రుక జీవమ్మ జడలోనుంచి వచ్చింది.

ఎంతైనా పెళ్లిచీర కదా అని ముందు తన తువ్వాలుతో పరీక్ష పెట్టాడు. అరగంటైంది. ముప్పావుగంటైంది. ఠంగు లేదు. ముక్కుకు కమురు వాసన తగిలింది. తలుపు తీస్తే తువ్వాలు నడుమ అట్టులా ఎర్రగా కాలి ఉంది.

"నా చీర అందులో పెట్టింటేనో!" జీవమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

మాస్టారు తీగ చూశాడు, స్విచ్చి చూశాడు, చివరికి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టుకొని లాగాడు. వేళ్లు జిడ్డుగా మెరిశాయి. ఆముదం! చిన్నప్పటి నుంచి తాగిన ఆముదంతో ఆ వెంట్రుక తామరాకులా తయారైంది, చెమ్మ దాని దరిదాపులకు కూడా పోదు. స్పిరిటుతో కడగమని పుస్తకంలో ఉంది. స్కూలు స్పిరిటు సీసాకు రెండేళ్లుగా మిగిలింది బయటి చీటీ మాత్రమే. సబ్బుతో రుద్దితే జీవమ్మ ఇచ్చిన మూడు వెంట్రుకలు తెగాయి. మాస్టారు నోటుబుక్కు తీసి "మొదటి లోపం: నూనె" అని రాసుకొని ఆలోచనలో పడ్డాడు. నంద్యాలలో తలకు నూనె పెట్టని ఆడమనిషి ఎక్కడుంటుంది?

పక్కింట్లోనే ఉంది. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే సుబ్బయ్య భార్య కమలాక్షమ్మ టైఫాయిడ్ వచ్చి లేచింది. పథ్యం కాబట్టి ఇరవై రోజులుగా తలకు నూనె చుక్క లేదు. అత్త వెంకటమ్మ దగ్గరుండి ఆ పథ్యం నడిపిస్తోంది. వెంకటమ్మ సంగతి వీధి మొత్తానికీ తెలుసు. కార్తీకమాసమంతా తాను తలకు నూనె ముట్టనని నోము పట్టింది, ఆ ముక్క రోజుకు నాలుగుసార్లు నలుగురికీ చెప్పనిదే ఆమెకు ముద్ద దిగదు.

మాస్టారు గొడుగు వేసుకొని పోయి, గుమ్మంలో నిలబడి, ఉన్నదున్నట్టు అడిగాడు.

"కమలాక్షమ్మా, నీ తల వెంట్రుక ఒకటియ్యి తల్లీ. నూనె లేనిది కావాల. చీరకు కట్టాల."

ఇంతకంటే అన్యాయంగా అడగడం ఆయనకు కూడా సాధ్యం కాదు.

"ఓరి నాయనో!" వెంకటమ్మ చాట విసిరేసి లేచింది. "జొరమొచ్చి లేసిన మనిసి ఎంటిక అడుగుతాండావా? చీరకు కడ్తావా? చేతబడి చేస్తావా అయ్యోరూ! ఒరే సుబ్బయ్యా, రారా బేగా!"

పది నిమిషాల్లో వీధి వీధంతా మాస్టారి ఇంటి ముందుంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ కొంగు తల నిండా కప్పుకొని, ఎక్కడ ఒక వెంట్రుక ఊడి ఆయన చేతిలో పడుతుందోనని ముడి గట్టిగా పట్టుకొని వచ్చింది. సుబ్బయ్య లోపలికి దూకి బీరువా తలుపు లాగాడు. నిష్కల్మషమైన మాస్టారు, మనుషులకు బాగా అర్థం కావాలని, అప్పటికే జీవమ్మ వెంట్రుకే ఇంకొకటి కట్టి, చీర లోపల వేలాడదీసి స్విచ్చి వేశాడు. ఆ చీకటి బీరువాలో తెల్ల చీర, దాని మీదుగా ఒక నల్ల వెంట్రుక, కింద ఎర్రగా మండే తీగ! ముందున్నవాళ్లు కెవ్వుమని వెనక్కి దూకారు, వెనకున్నవాళ్లు బురదలో పడ్డారు.

"సైన్సప్పా! సైన్సు!" అని మాస్టారు అరిచాడు.

"సైన్సుకు ఎంటికలు ఎందుకప్పా?" సుబ్బయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. "పోలీసులకు చెప్తాం, పదండి!"

అదే సమయంలో ఆళ్లగడ్డ బస్సు కండక్టరు నరసింహులు, పొద్దుటి ట్రిప్పు దిగి ఇంటికొస్తూ గుంపులో తల దూర్చాడు. జీవమ్మ కన్నీళ్లు, తడిచీర, అంతా చూశాడు.

"అక్కా, నేనిప్పుడే ఆళ్లగడ్డ నుంచి వస్తాండా. ఆడ..."

"నువ్వుండప్పా! ఈడ మనుషుల ప్రాణాలు పోతాంటే ఆళ్లగడ్డ ఏందీ!" అని నలుగురు వాణ్ణి వెనక్కి తోశారు.

పోలీసుల మాట వినగానే జీవమ్మ కళ్లు తుడుచుకొని ముందుకొచ్చింది. "మా ఆయనకు మంత్రాలొస్తే మిద్దె కారకుండా చేసుకోడా? చూపిస్తాడు, చూసి మాట్లాడండి." ఆ మాట నలుగురికీ సబబుగా తోచింది. మాస్టారు చీర తీసి పక్కన పెట్టి, వెంట్రుక ఎందుకో, నూనె ఎందుకు పనికిరాదో బల్ల మీద చాక్‌పీసుతో బొమ్మ గీసి చెప్పాడు.

"అంతేనా?" వెంకటమ్మ ఛాతీ విరిచింది. "నూనె లేని ఎంటిక గదా కావాల్సింది? నా కోడలిది తాకొద్దు. ఇదో, నాది తీసుకో. కార్తీకమంతా నూనె ముట్టని తల ఇది. నా నోము మీద ఒట్టు!"

పటుక్కున ఒకటి పెరికి ఇచ్చింది. చీర సంగతి తర్వాత చూద్దామని, సుబ్బయ్య భుజం మీది కొత్త తువ్వాలు తడిపి లోపల పెట్టారు. వీధంతా ఊపిరి బిగబట్టి చూసింది. అరగంట. ముప్పావుగంట. గుండు కదల్లేదు. బీరువా సందుల్లోనుంచి పొగ వచ్చింది. జీవమ్మ పరుగున వచ్చి కరెంటు తీసేసింది. సుబ్బయ్య కొత్త తువ్వాలు కూడా నడుమ అట్టు అయింది.

మాస్టారికి లోకజ్ఞానం కాస్తయినా ఉంటే అక్కడ నోరు మూసుకునేవాడు. ఆయన వెంట్రుక తీసి, వేళ్లతో లాగి, వాసన చూసి, తరగతిలో చెప్పినట్టే గట్టిగా చెప్పాడు.

"దీనికి నూనె ఉండాది. ఉసిరికాయ నూనె. నిన్న గానీ మొన్న గానీ పెట్టింది."

అందరూ వెంకటమ్మ వైపు చూశారు.

"అత్తా," పక్కింటి కిటికీలోనుంచి కమలాక్షమ్మ గొంతు వచ్చింది. ఇరవై రోజుల్లో అంత ఓపికగా ఆమె మాట్లాడటం అదే మొదలు. "ఆ ఉసిరినూనె సీసా పిల్లి నాకిందంటివే?"

"అది నూనె కాదే! మందు! తలనొప్పికి రవ్వంత..." వెంకటమ్మ ఇంకా ఏదో అనబోయి, వీధంతా పగలబడి నవ్వేసరికి కొంగు కప్పుకొని ఇంట్లోకి పోయి గడియ వేసుకుంది. మాస్టారు నోటుబుక్కు తీసి "రెండో లోపం: నోము" అని రాసుకున్నాడు.

కమలాక్షమ్మ ఒకటి అడిగితే మూడు వెంట్రుకలు ఇచ్చింది, ఇంకా కావాలంటే జడంతా కోసి ఇస్తానంది.

"అక్కా, నా మాట ఒక్కటి ఇనండి, ఆళ్లగడ్డలో..." నరసింహులు మళ్లీ మొదలుపెట్టాడు.

"ష్! ఎంటిక బిగుస్తాంది!" అని సుబ్బయ్యే వాడి నోరు మూశాడు.

ఈసారి బీరువాలో పెళ్లిచీర. జీవమ్మ కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకుంటూ, కమురు వాసన వస్తే పీకేద్దామని ప్లగ్గు తీగ చేత్తో పట్టుకొని కూర్చుంది. సరిగ్గా నలభై నిమిషాలకు ఠంగ్! తీగ ఎరుపు చల్లారింది. చీర మల్లెపువ్వులా తెల్లగా, వెచ్చగా, పొడిగా వచ్చింది. జీవమ్మ దాన్ని మొహానికి ఆనించుకొని గట్టిగా ఏడ్చేసింది. మాస్టారి కళ్లు కూడా చెమ్మగిల్లాయి. టైము ఒకటిన్నర. అన్నం సంగతి ఎవరికీ గుర్తులేదు. సుబ్బయ్యే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని బస్సుదాకా మోసుకొచ్చాడు.

టిక్కెట్లు కోయడంలో పడి నరసింహులు కూడా ఇక ఏమీ చెప్పలేదు. సగం దారి దాటాక బస్సు కిటికీల్లోనుంచి దుమ్ము లోపలికి కొట్టింది. జీవమ్మ ఆశ్చర్యంగా మాస్టారి వైపు చూసింది, మాస్టారు ఆకాశం వైపు చూశాడు. ఆళ్లగడ్డలో దిగేసరికి ఎండ పెళపెళలాడుతోంది. మామ సంజీవయ్య వాకిట్లో వేరుశనగ బుడ్డలు ఆరబోసుకొని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఎదురొచ్చాడు.

"చినుకు పడి వారమాయ," అన్నాడు ఆయన, కథంతా విన్నాక. "తడిచీరే తెచ్చింటే ఈ దండెం మీద గంటలో ఆరిపోయేది గదప్పా!"

"ఆ మాటే కదా నేను పొద్దున్నుంచి చెప్పబోయేది!" అన్నాడు పెట్టె దించడానికి వచ్చిన నరసింహులు.

జీవమ్మ మాస్టారి జేబులోనుంచి నోటుబుక్కు, పెన్సిలు తీసుకొని, ట్రంకుపెట్టె మీద కూర్చొని, తన గుండ్రటి అక్షరాలతో కింద ఒక వరుస చేర్చింది:

"మూడో లోపం: చేసిన మనిషి. మార్చడానికి వీల్లేదు, ఇదే చీర కట్టుకొని చర్చిలో ఒప్పుకున్నాను."