గుండె ఆగిన మిషన్లాయన

ఆ పూట ఇంజనీరు పథకం చిన్నదే. మూడో వార్డులో కిటికీ పక్క మంచానికున్న గుండె మానిటరును పరీక్షించాలి, పేషెంటు వచ్చేలోగా కిందికి దిగిపోవాలి, తన గదిలో తన డబ్బా తనే విప్పుకుని తినాలి. ఆసుపత్రిలో ప్రతి యంత్రం నాడీ చూసేది ఆయనే. అయినా ఆయన ముఖం ఎవరికీ తెలీదు; అందరికీ ఆయన ఫోనులో ఒక గొంతు, పిలుపు "మిషన్లాయన". యంత్రాలు బాగున్నంతకాలం ఆయనెందుకు గుర్తొస్తాడు పాపం!

తీరా చూస్తే, ఉత్తుత్తి గుండెచప్పుడు పుట్టించే పరీక్ష పెట్టెలో బ్యాటరీ చచ్చింది. మళ్ళీ అన్ని మెట్లు ఎవరు దిగుతారని, కోటూ చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, మంచమెక్కి వైర్లు తన ఛాతీకే అంటించుకున్నాడు. మానిటరు తెర మీద గీత చక్కగా ఎగిరింది. హమ్మయ్య అని చెయ్యి కదిపాడో లేదో, లోపల తెగిన వైరొకటి పట్టు వదిలింది. గీత సాపుగా పడుకుంది, మిషను గగ్గోలు పెట్టింది.

నర్సు పరుగున వచ్చింది. "అయ్యో, గుండె ఆగిపోయింది!"

"ఆగలేదమ్మా, మాట్లాడుతున్నాగా!"

"మాట్లాడకండి బాబాయ్ గారూ, అలసిపోతారు," అంటూ ఆక్సిజన్ మాస్కు బిగించేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా డాక్టరు కూడా ఊడిపడ్డాడు. "నేను ఇంజనీరుని, వైరు తెగింది" అని ఈయన ఎంత మొత్తుకున్నా మాస్కులోంచి "మ్మ్, మ్మ్" అనే వినిపించింది.

"కలవరిస్తున్నాడు. ఇంట్లోవాళ్ళకి చెప్పండి," అన్నాడు డాక్టరు.

నర్సు మాస్కు కాస్త ఎత్తి, ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో ఎవరున్నారు బాబాయ్ గారూ? ఎవరికి ఫోన్ చెయ్యను?"

వైరు సంగతి చెప్పడానికి అదే అదను. కానీ ఆయన ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. భార్య పోయాక ఆ మాట అడిగినవాళ్ళే లేరు. ఫోనులో వినేదల్లా "మిషను పనిచెయ్యట్లేదు, త్వరగా రండి" అనే. ఎంత వెతుక్కున్నా చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు. ఏడుపొచ్చింది. కదిలితే ఆమె చెయ్యి వదిలేస్తుందేమోనని కిక్కురుమనకుండా పడుకున్నాడు.

"పేర్లు కూడా మరిచిపోయాడు పాపం," అన్నాడు డాక్టరు. "ముందు ఈ గోల ఆపాలి. ఆ మిషన్లాయన్ని పిలవండి!"

నర్సు ఫోను చేసింది. పేషెంటు ప్యాంటు జేబు మోగింది. అలవాటు ఊరుకుంటుందా! తీసి, "ఆఁ, వస్తున్నానండీ," అన్నాడు. ఆ మాట నర్సుకు ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో మంచం మీంచి వినపడింది.

డాక్టరు మెల్లగా జారుకున్నాడు. నర్సు పగలబడి నవ్వింది. ఆయన తల దించుకుని చొక్కా తొడుక్కున్నాడు, వైరు మార్చాడు. నవ్వు ఆగాక ఆమె అడిగింది. "అయితే ఇంట్లో నిజంగానే ఎవరూ లేరా?"

"లేరమ్మా."

"మేమంతా ఇక్కడే తింటాం. డబ్బా తీసుకుని పైకి రండి."

మర్నాటి నుంచి ఆ వార్డులో ఏదో ఒక మిషను సరిగ్గా భోజనాల వేళకే మొరాయిస్తోంది. ఎంత విప్పి చూసినా లోపం మాత్రం దొరకడం లేదు.