పదకొండు పచ్చి సొనలు

ఆ ఉదయం ముర్తినికి ఉన్న పని చాలా చిన్నది. కషాయాలమ్మే పైనెమ్ సీసాల బుట్ట వీపున కట్టుకుని వీధి మలుపు తిరగగానే, మిగతావాళ్లు రాకముందే తన ఇబ్బంది చెప్పి, ఒక గ్లాసు కలిపించుకు తాగాలి. జావా దీవిలోని సోలో పట్నంలో ఆ వీధి నొప్పులన్నీ పైనెమ్‌కు తెలుసు.

ముర్తినికి యాభై నాలుగేళ్లు. ముట్లు ఆగి మూడేళ్లయింది. ఏడాదిగా నడుం నొప్పి సాకుతో వేరే గదిలో పడుకుంటోంది. పక్షి పంజరాలు చేసే భర్త సుగెంగ్ ఎందుకని ఒక్కసారీ అడగలేదు. తనకు ఇష్టం పోయిందని ఆయన అనుకుంటున్నాడేమోనన్న దిగులు ఆమెను తినేస్తోంది.

పది రోజుల క్రితం క్లినిక్‌లో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది, లోపల పొడిబారి నొప్పి పుడుతుంది, నొప్పి అని తెలిశాక మనసు అటు పోనంటుంది. కోరికకు సాయపడే టెస్టోస్టెరాన్ ఆడవాళ్లలోనూ ఉంటుంది, వయసుతో అదీ తగ్గుతుంది. "ఇది ప్రేమ తగ్గడం కాదమ్మా," అని పూత మందూ, అన్నీ రాసిన కాగితమూ ఇచ్చి, ఇంట్లో ఆయనతో మాట్లాడమంది. పూత మందు ముర్తిని వాడుతోంది. మాట్లాడటమే కాలేదు. మాటకంటే కషాయం సులువనిపించింది.

"కోరిక తగ్గితే ఏమిస్తావక్కా?" అని ఆమె అడగడమూ, పక్కింటి హర్తాతి మరో ఇద్దరితో వచ్చి మెట్ల మీద కూర్చోవడమూ ఒకేసారి జరిగాయి.

"ఎవరికి?" అంది పైనెమ్.

"ఆయనకి," అంది ముర్తిని.

పైనెమ్ వెంటనే పచ్చి గుడ్డు సొనలో తేనె, మిరియాలు, అల్లం రసం కలిపింది. గ్లాసు తిరిగి పట్టుకెళ్లాలి కనుక, తాగేదాకా ఆమె కదలదు. ముర్తిని భర్తను వాకిట్లోకి పిలవక తప్పలేదు. చిన్నప్పటినుంచీ పచ్చి గుడ్డు వాసన పడని సుగెంగ్ గ్లాసును చూశాడు, భార్యను చూశాడు, మెట్ల మీద ఆడవాళ్లను చూశాడు. గటగటా తాగేశాడు.

పైనెమ్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మేక మాంసం కాల్చి అమ్మేవాడికి తప్ప. మందుకు తిండి తోడవ్వాలి కదా. సాయంత్రానికి పొట్లం వచ్చింది. మర్నాడు హర్తాతి బాతు గుడ్లు పంపింది. పైనెమ్ రోజూ ఒక గ్లాసు కలిపి తాగించింది. రెండో ఆదివారం వీధివాళ్లంతా కలిసి మురుగు కాలువ బాగుచేస్తుంటే, ముప్పై ఏళ్లుగా అందరికంటే ముందు దిగే సుగెంగ్ చేతిలోని పారను వీధి పెద్ద తీసేసుకున్నాడు.

"మీరు నీడలో కూర్చోండన్నా. బలం ఇంటికి దాచుకోండి."

ఎంతో గౌరవంగా అన్నాడు. సుగెంగ్ అంతే గౌరవంగా కుర్చీలో కూర్చుని టీ తాగాడు. పనివాళ్లకు అన్నం వండుతున్న ముర్తినికి ఇక గరిట ఆడలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన వెదురు చీలుస్తున్న చోటికి వెళ్లి నిలబడింది. "పా, లోపం నాది. మీది కాదు," అంది. ఇంట్లో వాళ్లు ఒకరినొకరు పా, బు అని పిలుచుకుంటారు.

"తెలుసు బు. బియ్యం డబ్బాలో కాగితం చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు దాచిన రోజే. రెండుసార్లు చదివాను. ఆ రెండో హార్మోను దగ్గర మాత్రం సరిగ్గా బోధపడలేదు."

"మరి ఆ గుడ్లు ఎందుకు తాగారు?"

"మెట్ల మీద జనం ఉన్నారు. నేను కాదంటే అందరూ నీ వంక చూస్తారు." ఆయన కత్తి కింద పెట్టాడు. "కాగితం చూసేదాకా నేనంటేనే నీకు విసుగనుకున్నాను. చూశాక, నువ్వే చెబుతావని ఆగాను. పదకొండు గుడ్లు తాగాను. పన్నెండోది నావల్ల కాదు."

ముర్తిని నవ్వబోయి ఏడ్చింది. ఆయన చేతికంటిన వెదురు పొడి భుజాన తుడుచుకుని, ఆమె పక్కన జరిగి కూర్చున్నాడు.

సోమవారం ఇద్దరూ క్లినిక్‌కు వెళ్లారు. రెండో హార్మోను గురించి సుగెంగ్ అడిగిన ప్రశ్నలకు డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. తిరుగుదారిలో ముర్తిని మోటారు సైకిలు మీద ఆయన నడుం చుట్టూ చెయ్యేసి కూర్చుంది. ఇంటికి రాగానే తన దిండు పాత గదిలోకి మార్చింది. ఆ చెయ్యిని వీధి కళ్లారా చూసింది, దిండును ఊహించుకుంది.

మర్నాడు పైనెమ్ బుట్ట ముందు నలుగురు ఆడవాళ్లు తమ ఆయనల కోసమంటూ గ్లాసులు అడిగారు. అడిగిన నలుగురికీ యాభై దాటింది.