మనస్సాక్షుల స్టాండు

మునిసిపల్ ఆఫీసులోకి వచ్చేవాళ్లు చెప్పులతో పాటు మనస్సాక్షిని కూడా బయటే విడిచి రావాలన్న నిబంధన వచ్చాక జనానికి కలిగిన ఇబ్బంది ఒక్కటే. అప్పుడప్పుడు అవి మారిపోయేవి.

నిబంధన గురించి ఎవరూ గొణగలేదు. ఒకే గదిలో రెండు మనస్సాక్షులుంటే ఫైళ్లు కదలడం లేదని పైవాళ్లు కనిపెట్టారట. నిజమే కావచ్చు, ఆ తరువాత ఫైళ్లు బాగానే కదిలాయి. గుమ్మం పక్కన రేకుల షెడ్డు వేసి, కింది అరల్లో చెప్పులు, పై అరల్లో మనస్సాక్షులు పెట్టించారు. నూకాలు అనే ఆవిడ స్టూలు మీద కూర్చుని టోకెన్ బిళ్లలు ఇచ్చేది. తీయడం పెద్ద పనేమీ కాదు. ఎడమ డొక్క కింద బొటనవేలితో నొక్కితే అదే చేతిలోకి జారుతుంది. వాయి దించిన ఇడ్లీ అంత ఉంటుంది, అంతే వెచ్చగా ఉంటుంది. సంచిలో వేసి ఇచ్చి, సాయంత్రం తీసుకుని మళ్లీ లోపలికి నెట్టుకుంటే సరి. లంచం ఇవ్వడానికి వచ్చినవాడూ విడవాల్సిందే, అర్జీ ఇవ్వడానికి వచ్చినవాడూ విడవాల్సిందే. ఆ విషయంలో ఆఫీసుకు పక్షపాతం లేదు.

గుడికి పాత చెప్పులు వేసుకెళ్లే జాతి మనది. పోతే పోనీ అనుకునే జత ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఇంజనీరింగ్ సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసే త్రినాథరావు కూడా అదే తెలివి చూపాడు. పుట్టుకతో వచ్చిన మంచి మనస్సాక్షిని బీరువాలో పట్టుచీరల మధ్య దాచాడు. ఆఫీసుకు పెట్టుకెళ్లేది మామగారు రెవెన్యూలో రిటైరైనప్పుడు ప్రేమగా ఇచ్చిన పాతది. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో అది అరిగి అరిగి మెత్తగా, నున్నగా అయింది. పెట్టుకున్నట్టే ఉండేది కాదు.

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం టోకెన్ ఇచ్చి సంచి తీసుకున్నాడు. చైర్మన్ గారబ్బాయి పెళ్లిలో ఊరందరికీ పంచిన పసుపుపచ్చ సంచి అది. అలాంటివి ఆ అరల్లో బోలెడున్నాయి. త్రినాథరావు సంచిలోది తీసి డొక్కలోకి నెట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, కరవడం మొదలుపెట్టింది. కొత్త చెప్పు మడమ దగ్గర కరిచినట్టు, అడుగడుక్కీ. వెనక్కి వెళ్లేసరికి నూకాలు షెడ్డుకు తాళం వేసి వెళ్లిపోయింది.

మామూలుగా అతను ఇంటికి వెళ్లేవాడు. ఆ రోజు కాళ్లు నీలాల వీధి వైపు తిరిగాయి. అక్కడ మునిసిపల్ బడి ఉంది. సోమవారం బడులు తెరిచేలోగా ఆ భవనం క్షేమంగా ఉందని అతను సంతకం పెట్టాలి. ఇదివరకెప్పుడూ ఆ బడి చూడ్డానికి బడికి వెళ్లాల్సిన అవసరం రాలేదు. కుర్చీలోంచే చూసేవాడు. ఇప్పుడు బెంచీ ఎక్కి రెండో తరగతి గది శ్లాబు మీద తాళంచెవితో కొట్టి చూశాడు. ఎండిన సొరకాయ బుర్రను తట్టినట్టు మోగింది. ఇంకోసారి కొట్టాడు. పెచ్చు ఊడి భుజం మీద పడింది. లోపల ఇనుప చువ్వలు తుప్పు పట్టి చీపురు పుల్లల్లా ఉన్నాయి. త్రినాథరావుకు ఏడుపొచ్చింది. ఎన్నో ఏళ్ల తరువాత వచ్చిన ఏడుపు కాబట్టి ఎలా ఏడవాలో తెలియక, బెంచీ మీద అలాగే నిలబడిపోయాడు.

సంతకం పెట్టకూడదని అక్కడే నిశ్చయించుకున్నాడు. అయితే అతను లెక్కలు తెలిసిన మనిషి. నిశ్చయం బడిలో కలిగింది, సంతకం ఆఫీసులో జరుగుతుంది, మధ్యలో నూకాలు స్టాండుంది. సంచి అక్కడ ఇచ్చేస్తే లోపల ఈ సంగతేదీ తనకు పట్టదు. అందుకని మర్నాడు పొద్దున్న షెడ్డు ముందు నిలబడి, ఎడమ అరచేతి మీద బాల్‌పెన్నుతో ‘బడికి సంతకం పెట్టకు’ అని రాసుకుని, అప్పుడు సంచి అందించాడు.

‘‘ఇది నాది కాదు నూకాలూ. నిన్న మారిపోయింది’’ అన్నాడు.

‘‘అయ్యో బావూ! నిన్న మజ్జానం ఎర్రమ్మొచ్చింది, నీలాలీది బల్లో వొంట సేస్తాది. దానిదీ ఇలాటి సంచే. మీది అదట్టుకెల్లిపోనాది గావాల’’ అంది నూకాలు.

లోపలికి వెళ్లాక అతనికి హాయిగా అనిపించింది. మునిసిపల్ ఇంజనీరు విశ్వేశ్వరం గారు బడి ఫైలు ముందుకు తోశారు. త్రినాథరావు పెన్ను తీశాడు, అరచెయ్యి చూసుకున్నాడు, పెన్ను జేబులో పెట్టేశాడు.

‘‘ఏమైంది?’’

‘‘పెట్టొద్దని ఉంది సార్.’’

‘‘ఎందుకట?’’

‘‘నాకూ తెలీదు సార్. రాత మాత్రం నాదే.’’

విశ్వేశ్వరం గారు కోపిష్ఠి కాదు. మనస్సాక్షి దగ్గర లేని మనిషికి కోపం మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన శాంతంగా చెప్పారు. ‘‘రేపు శనివారం దాకా టైముంది. ఈలోగా సబ్బుతో కడుక్కుని రండి. లేకపోతే మీ చేతిలో ఏం రాసుందో అది ఏజెన్సీ అడవుల్లో కూర్చుని చదువుకుందురు గాని. బదిలీ కాగితం నా డ్రాయరులోనే ఉంది.’’

సాయంత్రం సంచి తీసుకుని లోపలికి నెట్టుకోగానే మళ్లీ కరిచింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక్క దారే కనిపించింది. బడి మీద ఎవరిదైనా అర్జీ నడుస్తుంటే ఇంజనీరు సంతకం పెట్టడానికి వీల్లేదు. అది రూలు, పట్టుబట్టి అడిగేవాళ్లుంటే. శ్లాబు కూలేలా ఉందని ఎర్రమ్మ వారం వారం అర్జీ ఇస్తూనే ఉంది. ఆవిడ గట్టిగా నిలబడితే తను చెయ్యి కడుక్కోనక్కర్లేదు, ఏజెన్సీకీ వెళ్లనక్కర్లేదు. అతను ఎర్రమ్మ ఇంటికి వెళ్లాడు.

ఎర్రమ్మ అరుగు మీద కూర్చుని తాపీగా బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నిమ్మకు నీరెత్తినట్టుంది.

‘‘అర్జీయా బావూ? పొద్దున్నే ఎల్లి యెనక్కి తీసీసుకున్నాను’’ అంది.

‘‘తీసేసుకున్నావా! ఆ గదిలో మీ మనవరాలు కూడా కూర్చుంటుంది కదా.’’

‘‘కూకుంటాది. అందరి పిల్లలూ కూకుంటారు. పడితే పడతాది, నేకపోతే నేదు. మనమేటి సేస్తాం?’’

త్రినాథరావుకు ఆ మాట బాగా తెలిసినట్టనిపించింది. అది తను రోజూ అనే మాట. అంతకుముందు మామగారు అనే మాట.

‘‘చూడు ఎర్రమ్మా, నీది నా దగ్గరుంది, నాది నీ దగ్గరుంది. మార్చేసుకుందాం’’ అని సంచి తీశాడు.

ఎర్రమ్మ రెండు చేతులూ డొక్క మీద అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

‘‘వొద్దు బావూ, మీకు దండం పెడతాను. మీకయితే రెండేసుంటాయి. నాకున్నదదొక్కటే. మూడేళ్లు నన్ను కొరికీసింది. పిల్లలకి అన్నం ఎడతంటే పైకే సూసీదాన్ని. నిన్న రేత్రే నిద్దరోయేను. ఇది మెత్తగున్నాది. నాకొగ్గీండి.’’

ఆమెను చూస్తే జాలేసింది. జాలి కూడా ఆమెదే, అతని డొక్కలో ఉంది. ఖాళీ సంచి మడుచుకుని లేచి వచ్చేశాడు.

ఇంటికెళ్లి భార్య సుభాషిణికి అంతా చెప్పి, బీరువా తెరవమన్నాడు. మంచిది పెట్టుకుంటే కరవకుండానే నిలబడవచ్చని అతని ఆశ. తనది తనకు సరిపోతుంది కదా. సుభాషిణి పట్టుచీరలు తప్పించి పెట్టె తీసింది. లోపల అది చూడ్డానికి కొత్తగానే ఉంది, మెరుస్తూనే ఉంది. త్రినాథరావు వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. వాడకుండా పెట్టెలో దాచిన బూట్ల అడుగు ఊడిపోయినట్టే.

‘‘ఎండలో పెట్టాల్సింది’’ అంది సుభాషిణి బాధగా. చేటలోకి ఎత్తుతూ మళ్లీ అంది. ‘‘ఏమండీ, ఊళ్లో ఎవరికీ లేని నొప్పి మీకెందుకు? అర్జీ పెట్టిన మనిషే వద్దనుకుంది. మన పిల్లలు ఆ బళ్లో చదవడం లేదు కదా.’’

ఆ రాత్రి అతను పడుకోలేదు.

శనివారం పొద్దున్న స్నానం చేస్తుంటే అరచేతి మీది రాత సబ్బునీళ్లతో పోయింది. కావాలని రుద్దలేదు. రుద్దకుండానూ ఉండలేదు. స్టాండు దగ్గరికి వచ్చి జేబులోంచి పెన్ను తీశాడు. మళ్లీ రాసుకోవచ్చు, నాలుగు అక్షరాలు. డొక్కలో ఎర్రమ్మ మనస్సాక్షి ఎంత గట్టిగా కరుస్తోందంటే అతను షెడ్డు స్తంభం పట్టుకుని వంగిపోయాడు. రాస్తే సాయంత్రం దాకా బాగుంటుంది, సాయంత్రం మళ్లీ ఇదే, రేపూ ఇదే, ఏజెన్సీలోనూ ఇదే. వెనక జనం వరసలో నిలబడి ఉన్నారు.

‘‘బావూ, బేగి’’ అంది నూకాలు.

త్రినాథరావు పెన్ను జేబులో పెట్టి సంచి అందించాడు. ఈ సంగతి ఎవరు అడిగినా చెప్పాల్సిందే. పెన్ను జేబులో పెట్టినప్పుడు మనస్సాక్షి అతని లోపలే ఉంది.

లోపల సంతకం పెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. విశ్వేశ్వరం గారు టీ తెప్పించారు. సాయంత్రం బయటికి వచ్చి చెప్పులు మాత్రం తొడుక్కున్నాడు.

‘‘సంచి బావూ?’’

‘‘ఉండనీ.’’

నూకాలు ఆశ్చర్యపోలేదు. పై అరల వెనక గోతాలు చూపించింది. ‘‘ఇలాగే ఒగ్గెల్లిపోతారు. తడిస్తే కుళ్లిపోతాయి, సెత్తబండోలు పట్టుకెల్లిపోతారు’’ అంది.

బడి సోమవారం తెరిచారు. గదులకు సున్నం వేశారు కాబట్టి, పిల్లలు చెప్పులు వరండాలో విడిచి లోపలికి రావాలని హెడ్‌మాస్టారు చెప్పారు. పిల్లలు మాట విన్నారు. వానలు పట్టిన రెండో వారంలో, ఎక్కాలు అప్పజెబుతుండగా, రెండో తరగతి శ్లాబు పడింది.

త్రినాథరావు సెక్షన్ తరఫున వెళ్లాడు. వీధి నిండా జనం, ఏడుపులు. వంటపాక దగ్గర ఎర్రమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మనవరాలి కోసం వెతకడం లేదు. అతన్ని చూసి దగ్గరికి వచ్చింది.

‘‘అందరికీ వొండీసినాను బావూ. ఇప్పుడీ అన్నం ఏటి సెయ్యమంటారు?’’

అతనికి తెలియలేదు. పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు.

వరండాలో చిన్న చిన్న చెప్పులు గోడవారగా వరసలో ఉన్నాయి. ఏ పిల్లవి ఏవో తల్లులకు చూపించి అప్పగించడానికి, అనుభవం ఉన్న మనిషని ఆఫీసు వాళ్లు నూకాలును పిలిపించారు. ఆవిడ ఒక్కో జతా ఎత్తి చూపిస్తోంది. ఎక్కడా గొడవ రాలేదు. ఒక్క జత కూడా మారలేదు.

త్రినాథరావు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. డొక్కలో ఏమైనా కరుస్తుందేమోనని చెయ్యి పెట్టి నొక్కి చూసుకున్నాడు. అక్కడ ఏమీ లేదు. చీకటి పడుతుంటే మెట్ల దగ్గరికి వచ్చి, తను విడిచినవి తనవేనా అని ఒకసారి వంగి చూసుకుని, తొడుక్కుని ఇంటికి వెళ్లాడు.