పచ్చదీపం వెలిగేదాకా

ఆ ఉదయం అల్లుడు చేయవలసిన పని చాలా చిన్నది. పది గంటలకు కంప్యూటర్లో భార్యకు ఇంటర్వ్యూ ఉంది. ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం. ఇలాంటిదాని కోసమే ఆమె కొన్నేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. రోడ్డు తవ్వినవాళ్లు ఇంటర్నెట్ తీగ తెంపేయడంతో అతను కొత్త రౌటర్ కొనుక్కొచ్చి, సిమ్ వేసిన బొటనవేలంత మోడెంను దాని పక్కనున్న గాడిలోకి తోశాడు. ఎర్రదీపం వెలిగింది. కాసేపు ఓపిక పడితే సిగ్నల్ అందుకుని పచ్చదీపం వెలుగుతుంది.

అయితే అది అత్తవారిల్లు. ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ ఊరికే నమ్మరు. తలుపుకు తాళం పడిందో లేదో తాళం తీసి చూసుకుంటారు. మామగారికి నిద్ర పట్టిందో లేదో అత్తగారు లేపి అడుగుతారు.

"సరిగ్గా బిగిసిందంటావా బాబూ?" అంటూ మామగారు మోడెంను బయటికి లాగి, కళ్లజోడు సవరించుకుని చూసి, మళ్లీ తోశారు. దీపం కథ మొదటికొచ్చింది.

"దాన్ని కదపకూడదు మామయ్యగారూ!"

"కదపలేదయ్యా, చూశానంతే."

"ఈయన చేత్తో పెట్టింది ఏది నిలబడింది గనక?" అంటూ అత్తగారు తానూ లాగి చూసి పెట్టారు. ఆవిడ తిరగేసి పెట్టారేమోనని అల్లుడికి అనుమానం పట్టుకుంది. ఆ ఇంట్లో ఉంటున్నవాడికి ఆ మాత్రం అంటుకోదా? అతనూ లాగాడు.

"ఏమండీ, మీకు దండం పెడతాను, దాని జోలికి వెళ్లకండి," అంది భార్య, గడియారం వైపు చూస్తూ.

ఆలస్యం ఎవరివల్ల అయిందన్న విషయం మీద మిగతా ముగ్గురికీ మాటా మాటా పెరిగింది. పంతం కొద్దీ అటు తిరిగి వాదించుకోవడంతో మోడెంకు కాస్త ఊపిరాడింది. పచ్చదీపం వెలిగింది. భార్య చప్పుడు చేయకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంటర్వ్యూ మొదలైంది, సగం దాటింది, చివరికీ వచ్చింది. వెనకాల గొడవ మాత్రం సగంలోనే ఉంది.

అప్పుడు అల్లుడు ఇటు తిరిగాడు. పచ్చదీపం! ప్రాణం లేచొచ్చింది. నిజంగా బిగిసే వెలిగిందా అనుకునేలోపే చెయ్యి దానంతటదే వెళ్లి మోడెంను లాగేసింది.

తెరమీది అధికారిణి "మీకు ఈ ఉద్యోగం..." దగ్గర నోరు తెరిచి ఆగిపోయింది.

భార్య అతని చేతిలోని మోడెం వైపు చూసింది. ఆమె ఇన్నేళ్ల ఆశనూ ఒక్క లాగుడుతో పెరికేశానని అతనికి అర్థమైంది.

ఇంతలో ఆమె ఫోన్ మోగింది.

"నమస్తే అండీ... అవునండీ, వాళ్లు మా అమ్మానాన్నలే... ఆ, లాగింది మావారేనండీ... చాలా థాంక్సండీ."

"ఏమన్నారు?" అడిగాడు అల్లుడు.

"ఇచ్చారు. అంత గోలలోనూ తడబడకుండా జవాబులు చెప్పానని మెచ్చుకున్నారు."

"చూశావా, అంతా మా చలవే!" అన్నారు అత్తగారు.

అల్లుడు అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు. "పోన్లే, ఇక హాయిగా ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు."

"లేదండీ. మన ఇల్లు చూశాక వాళ్లే జాలిపడి ఆఫీసులో గది ఇచ్చారు."