నైరుతి గదిలో పికప్పులు

ఆ ఆదివారం ఉదయం దివాకర్ పెట్టుకున్న పని చిన్నది. తన గిటార్‌కు బిగించుకున్న రెండు పాత పికప్పుల గుట్టు తేల్చడం. పికప్పు అంటే గిటార్ తీగల కింద ఉండే సబ్బుబిళ్ళంత నల్లటి ముక్క. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ. పైన తీగ కదిలితే ఆ కదలికను కరెంటుగా మార్చి స్పీకరుకు పంపేది అదే. ఈ రెంటి మీదా పేరు లేదు, ఊరు లేదు. అంతకుముందు ఎందరి చేతులు మారాయో తెలియదు. ఒక్కొక్కటే వాడితే చక్కగా పలికాయి. రెండూ కలిపితే మాత్రం ముక్కు మూసుకుని మాట్లాడినట్టు పీలగా మూలిగాయి.

"ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నయి. ఒకదాని వైర్లు అటీటు మార్చి సోల్డరింగ్ చెయ్. అయిపోతది," అన్నాడు ముందురోజు యూనివర్సిటీ ఫిజిక్సు ల్యాబు మెట్ల మీద స్నేహితుడు సురేష్.

అయిపోయేదే. కానీ దివాకర్ అదే యూనివర్సిటీలో సైకాలజీ రీసెర్చి స్కాలరు. కారణం తెలియకుండా నయం చేయడం అతనికి గిట్టదు. లోపం అయస్కాంతంలో ఉందో, తీగ చుట్టిన తీరులో ఉందో తేలాలి. అందుకని పికప్పులు రెండూ విప్పి బల్ల మీద పెట్టి, అయస్కాంతాల ముఖాలు పోల్చి చూడ్డానికి సురేష్ దగ్గర ఒక దిక్సూచి అరువు తెచ్చుకున్నాడు.

అతని గది తార్నాకలో నాగేంద్ర గారి డాబా మీద, నైరుతి మూలన ఉంది. అంతకుముందు హాస్టల్లో ఒకే గదిలో ముగ్గురు, ఆ ముగ్గురి స్నేహితులు, ఆ స్నేహితుల ఆకలి. వాటి మధ్య ఆలోచించడమే మరిచిపోయి ఇక్కడికి పారిపోయి వచ్చాడు. ఇక్కడ తలుపు వేసుకుంటే తన ఊపిరి తనకు వినబడుతుంది. ఈ గది పోతే మళ్ళీ హాస్టలే.

పికప్పు పక్కన దిక్సూచి పెట్టి చూస్తుండగా, వడియాలు ఆరబెట్టడానికి పైకి వచ్చిన ఇంటావిడ పద్మావతి గుమ్మంలో ఆగింది.

"ఏమప్పా, దిక్కులు చూస్తాండావా?"

"అవునాంటీ."

మనుషులను త్వరగా పంపించడానికి దివాకర్‌కు తెలిసిన ఉపాయం ఒప్పుకోవడం ఒక్కటే.

"ఉత్తరం యా పక్క?"

అయస్కాంతం లాగడంతో ముల్లు ఎర్రకొన దక్షిణాన ఉన్న మెట్లవైపు తిరిగి ఉంది. అదంతా వివరిస్తే ఆవిడ కూర్చుంటుంది. "ఇటు," అని ముల్లు చూపినవైపే చూపించాడు.

ఆవిడ పళ్ళెం నేల మీద పెట్టేసింది.

"ఇదో, వింటిరా! రాండి పైకి! మనింటి ఉత్తరం మెట్లపక్కకు పోయిందంట!"

నాగేంద్ర సగం గడ్డం నురుగుతోనే వచ్చాడు. అనంతపురం మనిషి, యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. నగరమంతా వాస్తు పేరుతో గోడలు కొట్టి గుమ్మాలు మార్చుకుంటున్న రోజులవి. ఆయన ఆఫీసులో తన బల్లను అప్పటికే నాలుగు దిక్కులకూ తిప్పి చూసుకున్నాడు. "చదునుగా పెట్టి చూడల్ల," అంటూ దిక్సూచిని బల్ల మీద, సరిగ్గా పికప్పుల పక్కన పెట్టాడు. ముల్లు మెట్లను చూపింది.

"అట్లయితే ఇది నైరుతి కాదు. ఈశాన్యం! ఈశాన్యంలో ఇంత బరువా! గది, గదిలో మనిషి, మనిషికి ఇన్ని పుస్తకాలు! నా ప్రమోషన్ యాడ కదుల్తాది?"

"సార్, సూర్యుడు గా కిటికీ దిక్కు పొడుస్తడు కద. రోజు చూస్తనే ఉన్న."

"సూర్యుడు ఉత్తరాయణం, దక్షిణాయనం అని జరుగుతాంటాడప్పా. ముల్లు జరగదు."

ఒక చిన్న సూచన అందగానే మనిషి తన కళ్ళతో చూసినదాన్ని కూడా ఎలా కాదనుకుంటాడన్నదే అతని పరిశోధన. ల్యాబులో ఎన్ని తంటాలు పడినా ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు. అతనిలోని పరిశోధకుడు సంతోషించాడు. అద్దెకున్నవాడు వణికాడు.

నాగేంద్ర ఎస్టీడీ బూతుకు వెళ్ళి, మల్కాజ్‌గిరిలో ఉండే వాస్తు పండితుడు కొండలరావుకు ఫోన్ చేశాడు. తిరిగి వస్తూ మేస్త్రి సామేలును వెంటబెట్టుకొచ్చాడు. సామేలు గడ్డపార ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"ఏ గోడ కొట్టాలె సార్? జల్ది చెప్పుండ్రి. మల్ల ఎండెక్కుతది."

"ఉండప్పా, ఆయప్పను రానీ."

"అందాక చాయన్న తాపియ్యుండ్రి మరి."

ఇక లాభం లేదని దివాకర్ నిజం బయటపెట్టాడు. పికప్పులు దూరంగా జరిపాడు. ముల్లు తన అసలు దారికి వచ్చింది. దగ్గరికి తెచ్చాడు. మళ్ళీ మెట్లవైపు తిరిగింది.

"చూడుండ్రి సార్. ఇల్లు బాగనే ఉన్నది. ముల్లును తిప్పుతున్నది ఇవి. అయస్కాంతాలు."

నాగేంద్ర చెంప మీద నురుగు ఎండిపోయింది. చూపు ముల్లు మీంచి పికప్పుల మీదికి తిప్పాడు.

"అంటే మా ఇంటి దిక్కులు తిప్పింది నీ సామాన్లా?"

"దిక్కులు గాదు సార్, ముల్లు..."

"ఈయప్ప వచ్చిన కాణ్ణించే గదా!" అంది పద్మావతి. "మోటరు కాలిపోయె. మన పాప అనూష లెక్కల్లో తప్పె."

"సాయంత్రానికి ఖాళీ చెయ్యప్పా," అన్నాడు నాగేంద్ర.

నిజం చెబితే మనుషుల మనసు మారుతుందని దివాకర్ ఏ పుస్తకంలోనూ చదవలేదు. మరి ఎందుకు ఆశపడ్డాడో అతనికే అర్థం కాలేదు. మంచం కింది పెట్టె లాగి పుస్తకాలు సర్దసాగాడు.

"కొట్టుడా, ఖాళీ చేసుడా? ఏదన్న ఒకటి చెప్పుండ్రి," అన్నాడు సామేలు.

అప్పుడు కొండలరావు వచ్చాడు. అంతా విని, తన సంచిలోంచి సొంత దిక్సూచి తీశాడు. దివాకర్ ఒక పికప్పును దాని దగ్గరికి తెచ్చాడు. ముల్లు తిరిగింది. కొండలరావు దిక్సూచిని వేలితో తట్టాడు. మళ్ళీ తిరిగింది. ఆయన ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్ని ఇనప బీరువాల పక్కన నిలబడి ముల్లు చూశాడో, ఎన్ని గోడలు కొట్టించాడో ఆ క్షణంలో ఆయన లెక్క వేసుకుంటున్నాడని దివాకర్‌కు తెలిసింది. మిగతావాళ్ళెవరూ అది గమనించలేదు.

కొండలరావు గొంతు సవరించుకున్నాడు.

"ఇతన్ని ఖాళీ చేయిస్తారా? ఎంత పొరపాటండీ! ముల్లును నిలబెట్టే వస్తువులు ఇంట్లో ఉండగా గోడలు కొట్టడం దేనికండీ? వీటి ముఖం సరిగ్గా కుదిర్చి ఈ గది గోడలోనే మూసేయండి. ఇక ఉత్తరం తన చోటు వదిలి ఎక్కడికీ పోదు. కుర్రాణ్ణి మాత్రం కదపకండి. వాటి గుణం తెలిసినవాడు."

గడ్డపారకు పని దొరికింది. సామేలు గోడకు గూడు తవ్వుతుంటే, ఏ ముఖం ఎటు పెట్టాలో చెప్పమని అందరూ దివాకర్ మీద పడ్డారు. అతను మొదటి పికప్పు పైముఖం దగ్గర దిక్సూచి పెట్టాడు. ముల్లు ఎర్రకొన దానివైపు వచ్చింది. రెండోదాని పైముఖం దగ్గర పెట్టాడు. మళ్ళీ ఎర్రకొనే. అంటే అయస్కాంతాలు రెండూ ఒకే ముఖం పైకి పెట్టి ఉన్నాయి. లోపం తీగ చుట్టిన తీరులోనే ఉంది. ఒకదాని వైర్లు అటూ ఇటూ మారిస్తే చాలు. కారణం తెలిసిన ఆనందంలో అతను ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి చేతుల్లో పికప్పులు లేవు.

"పరేషాన్ గాకన్నా," అన్నాడు సామేలు, సిమెంటు నున్నగా రుద్దుతూ. "నూరేండ్లు కదలయి."

నాగేంద్ర దివాకర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ గది నీదే అనుకో నాయనా. రేపు పెండ్లయినా ఈడనే ఉండల్ల."

గది దక్కింది. దివాకర్ పుస్తకాలు మళ్ళీ అరలో సర్దుకున్నాడు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ముందు పక్కింటి వేదవతి వచ్చింది. తర్వాత ఆవిడ వారాసిగూడ బంధువులు, తమ ఇంటి ప్లాను చుట్ట చుట్టుకుని వచ్చారు. "రాండి, రాండి. ఈ అబ్బాయి ఏమీ అనుకోడు," అంటూ పద్మావతి అందరినీ పైకి తీసుకొచ్చి గోడ చూపించింది. వాళ్ళు మంచం మీద కూర్చున్నారు. వాళ్ళ వంటింటి పొయ్యి ఎటు ఉండాలో అడిగారు. వాళ్ళు త్వరగా వెళ్ళాలని దివాకర్ అన్నింటికీ ఒప్పుకున్నాడు. చాలా బాగా చెప్పాడని వాళ్ళు ఇంకో ఇద్దరిని పంపారు.

వచ్చినవాళ్ళు బయట నిలబడి తలుపు తట్టడం మర్యాద కాదని, మర్నాడు పొద్దున్నే నాగేంద్ర ఆ గది లోపలి గడియ ఊడదీయించాడు.