పచ్చజెండా పడ్డ తీగ

ఒక పెద్ద అడవిలో, మరీ పూర్వమేమీ కాదు, పోయిన ఎండాకాలమే, ఎలుగుబంటి భల్లయ్య తేనె వ్యాపారం చేస్తుండేవాడు. వ్యాపారం ఆయనది, కొండచరియకు వేలాడటం కొండముచ్చులది. అవి తీగలు పట్టుకుని దిగి తేనెపట్లు కోసుకొస్తే, భల్లయ్య నీడన కూర్చుని రుచి చూసేవాడు. అదీ కష్టమైన పనే, కాదనలేం.

కొండముచ్చుల మేస్త్రి సింగారమ్మ. నిరుడు పాత తీగ తెగి ఆమె మొగుడు నడుం విరగ్గొట్టుకున్నాడు. అది ప్రమాదం కాదు, తొందరగా దిగడమని భల్లయ్య అందరికీ చెప్పుకున్నాడు. ఈ ఏడు మొగుడి బదులు కూతురు అమ్ములు దిగాలి. తీగలు మార్చమని సింగారమ్మ అడిగినప్పుడల్లా, వాటికేం, మా తాత కాలం నుంచీ ఉన్నాయి అని ఆయన గర్వపడేవాడు.

సింహంగారి దర్బారులో క్షేమ జెండా అని ఒక పథకం ఉంది. పనివాళ్లకు దెబ్బ తగలకుండా చూసుకునే చోటికి పచ్చజెండా ఇస్తారు. బలవంతం లేదు, ఇష్టమున్నవాళ్లే అడగొచ్చు. జెండా ఎగిరే చోటికి మళ్లీ తనిఖీలు రావు కాబట్టి అందరికీ ఇష్టం ఉండేది. భల్లయ్య ఏటా అడిగేవాడు. ఏటా కొంగ ఇన్‌స్పెక్టరు వచ్చి, ప్రతి తీగనూ ముక్కుతో లాగి, తెగిన ముక్కలు ఆయన ముందు పెట్టి, జెండా ఇవ్వకుండా పోయేది.

ఈ ఏడు పథకం మారింది. కొంగ మరీ అనుమానపు పిట్ట అనీ, వ్యాపారుల మనసు నొప్పిస్తోందనీ దర్బారు కనిపెట్టింది. ఇకపై జెండా అడిగేవాళ్లే ఒకరినొకరు తనిఖీ చేసుకోవాలి. పనివాళ్లు సరేనంటే చాలు. భల్లయ్యకు జోడీగా దుంపల సొరంగం నడిపే అడవిపంది వరహాలు వచ్చాడు. ఇద్దరూ ఒక్క పూటలో చుట్టాలైపోయారు.

"బావా, నీ తీగలు నేను చూడను. నా సొరంగం నువ్వు చూడకు," అన్నాడు వరహాలు.

"చూస్తే ఇంకేం స్నేహం బావా," అన్నాడు భల్లయ్య.

ఇక సింగారమ్మ ఒప్పుకోవడమే తరువాయి. దర్బారు కార్యదర్శి నక్క ఎదుటికి ఆమెను పిలిపించారు. ఆమె ఎంతో మర్యాదగా తలూపి, వరహాలుగారంతటివారు వస్తున్నారు, దూరం నుంచి చూసి పోతే ఏం బాగుంటుంది, మా అమ్ములు దిగే దారిలో ఒక్కసారి దిగి చూస్తే మేం ధన్యులం అంది. నక్కకు ఆ ఆలోచన తెగ నచ్చింది. తనదేనని దర్బారులో చెప్పుకుంది కూడా.

భల్లయ్య గతిలేక ఒక కొత్త తీగ తెప్పించాడు. ఒక్కటే. దానికి పూలదండ చుట్టించి, మిగతావాటికి పచ్చరంగు పూయించాడు.

వరహాలు వచ్చాడు. దండ చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. బావగారి రాక కోసం తన సొరంగంలో కప్పు మోసే కుళ్లిన దుంగకే, కుళ్లు కనబడకుండా, దండ చుట్టించి వచ్చినవాడాయన.

"అలంకారాలన్నీ పరాయివాళ్లకు బావా. నాకిది చాలు," అంటూ పక్కనున్న పాత తీగ పట్టుకున్నాడు.

భల్లయ్య నోరు తెరిచాడు. చెబితే జెండా పోతుంది, చెప్పకపోతే బావ పోతాడు. కాసేపు ఆలోచించి నోరు మూసుకున్నాడు.

తీగ తెగింది. వరహాలు ముళ్లపొదలో పడి, అడవంతా వినేలా బావను తలుచుకున్నాడు. ప్రాణానికేం భయం లేదు గానీ, నాలుగు కాళ్లలో ఒక్కటీ ఆయన మాట వినడం లేదు.

నక్క నిబంధనలు తిరగేసింది. పడ్డవాడు పనివాడు కాదు, తనిఖీకి వచ్చినవాడు. కాబట్టి ప్రమాదం జరగలేదు. జెండా ఎగరేశారు. సొరంగం చూడటానికి ఎప్పుడొస్తావని వరహాలు కబురంపితే, భల్లయ్యకు వెంటనే జ్వరం వచ్చింది.

ఇంతలో కోత మొదలైంది. కొండముచ్చులన్నీ కొత్త తీగ దగ్గర వరస కట్టాయి. ఒకటి పైకొచ్చాకే ఇంకొకటి దిగుతోంది. అవతల కోయని పట్ల నుంచి తేనె కారిపోతోంది. భల్లయ్య జ్వరం మరిచి పరుగెత్తుకొచ్చాడు. ఇన్ని తీగలుండగా ఇదేం పని, జెండా కూడా వచ్చింది కదా అని కేకలేశాడు.

"వచ్చిందయ్యా. జెండా మీది కాబట్టి ఆ తీగల మీద మీరు దిగండి," అంది సింగారమ్మ. "మా అమ్ములు దీని మీదే దిగుతుంది."

భల్లయ్య కిందికి చూశాడు. ముళ్లపొద ఇంకా వరహాలు ఆకారంలోనే ఉంది.

మర్నాటికి తీగలన్నీ కొత్తవయ్యాయి. ఇదంతా జెండా మహిమేనని చెప్పి నక్క శాలువా కప్పించుకుంది.

ఇందులో నేర్చుకోవలసిందల్లా ఒకటే: పనిచోట ప్రమాదాలు తగ్గాలంటే మొదటిది పెద్దవాళ్లకు జరగాలి.