పంజరం రిటర్న్డ్ పచ్చయ్యగారి ఇంగ్లీషు బడి

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మడుగు ఉండేది. అడవి ఎంత పెద్దదైతేనేం, వైశాఖం వచ్చేసరికి అందరికీ దాహం తీర్చేది ఆ చిన్న మడుగే. మిగతా చోట్ల నేల నెర్రెలు విచ్చేది.

ఆ మడుగు గట్టునే బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. వయసు మళ్ళింది, మోకాళ్ళు పట్టేశాయి. ఒంటినిండా దళసరి బొచ్చు. పొద్దెక్కగానే మడుగులో నడుం దాకా దిగి కూర్చుంటే తప్ప ఎండాకాలం ఆమెకి గడిచేది కాదు. ఇంకెక్కడా నీళ్ళు లేవా అంటే, కొండ అవతల వాగు ఉంది. ఆ మోకాళ్ళతో బయల్దేరితే వాగు దగ్గరికి చేరేది బొంతమ్మ కాదు, ఆమె పోయిందన్న కబురు.

అడవికి ఒక పాలకమండలి ఉంది. అధ్యక్షుడు చిరుత. ఆయనకి నిద్ర ఎక్కువ, ఆలోచన తక్కువ. ఆ లోటు సెక్రటరీ జంబుకరావు తీర్చేవాడు. జంబుకరావు నక్క అని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఆ ఏడు మడుగు సగానికి సగం ఇంకిపోయింది. తాగే నోళ్ళు మాత్రం తగ్గలేదు. పొమ్మంటే గొడవవుతుంది కాబట్టి పొగబెట్టాలనుకున్నాడు జంబుకరావు. మీటింగు పెట్టాడు.

"లక్ష్యం లేని జంతువు నీళ్ళు తాగి ఏం సాధిస్తుంది?" అని అడిగాడు.

దాహం తీరుతుంది కదా అని తాబేలు గొణిగింది గానీ, సభలో తాబేలు మాట ఎవరు వింటారు?

"కాబట్టి ఈ వేసవి నుంచి కలా లక్ష్యమూ ఉన్నవాళ్ళకే మడుగు. లేనివాళ్ళకి వాగు. ఎవరి కల వాళ్ళు మండలి ముందు నిలబడి చెప్పాలి. ఇంగ్లీషులో చెప్పాలి."

"ఇంగ్లీషెందుకు నాయనా?" అంది బొంతమ్మ. "నా కోరికేదో నాకు తెలుసుగా. పూటకింత సేపు మడుగులో కూర్చోవాలి. ఇప్పపూలు రాలే నాటికి నోట్లో నాలుగు పళ్ళయినా మిగలాలి. అంతే."

సభంతా ఘొల్లుమంది. జంబుకరావు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "దాన్ని కల అనరు బొంతమ్మత్తా. అవసరం అంటారు. కల అంటే చెప్పేవాడికి చెమట పట్టాలి, వినేవాడికి అర్థం కాకూడదు."

చిరుత ఆవులించాడు. ఆ మండలిలో ఆవులింత అంటే ఆమోదమే. తీర్మానం నెగ్గింది.

ఇక ఇంగ్లీషు నేర్పేవాడు కావాలి. దొరికాడు. పచ్చయ్య అనే చిలక, అడవి అంచునున్న ఆఫీసరుగారి బంగళాలో పదేళ్ళు పంజరంలో ఉండి, ఒకనాడు ఎవరో తలుపు సరిగా వేయకపోతే ఎగిరొచ్చేశాడు. అడవిలో పుట్టి అడవిలోనే పెరిగిన చిలకలు వందలున్నాయి, వాటిని పలకరించే దిక్కు లేదు. పచ్చయ్యగారికి మాత్రం రాజమర్యాదలు. మర్రికీ వేపకీ కాదు, అందరూ నడిచే దారిలో ఉన్న మద్దిచెట్టుకి బోర్డు కట్టించాడు: పంజరం రిటర్న్డ్ పచ్చయ్యగారి ఇంగ్లీషు బడి.

ఆయనగారికి వచ్చిన ఇంగ్లీషు ఎంతయ్యా అంటే, ఒక్క పేరా. బంగళాలో ఆఫీసరుగారి అమ్మాయి ఏదో ఇంటర్వ్యూ కోసం దాన్ని రోజూ వరండాలో పెద్ద గొంతుతో బట్టీ పట్టేది. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు గానీ, పచ్చయ్యకి మాత్రం వచ్చింది.

"మై డ్రీమ్ ఈజ్" అని మొదలయ్యే ఆ పేరాకి అర్థం గురువుకీ తెలియదు, శిష్యులకీ తెలియదు. మీకు తెలియాలి కనక చెబుతున్నాను. "గట్టి తలుపులున్న సొంత ఇల్లు నా కల. వేళకి భోజనం, జబ్బు చేస్తే డాక్టరు ఉండాలి. నలుగురూ నన్ను చూడటానికి రావాలి. ఈ అడవిని వదిలి, నగరంలో జీవితాంతం స్థిరపడటమే నా లక్ష్యం. దయచేసి నాకొక అవకాశం ఇవ్వండి." ఇదీ ఆ పేరా.

మద్దిచెట్టు కింద పొద్దస్తమానం ఇదే ఘోష. ఎక్కడ పడితే అక్కడ పడుకుని హాయిగా బతికే అడవిపంది గట్టి తలుపులు కావాలంటుంది. మనిషి నీడ పడితే చాలు, ఆమడ దూరం పరిగెత్తే దుప్పి తనని చూడటానికి నలుగురూ రావాలంటుంది. ఒకరి ఉచ్చారణ చూసి ఒకరు కుళ్ళుకోవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

"అర్థమేమిటి గురువుగారూ?" అని బొంతమ్మ ఒక్కర్తే అడిగింది.

"అర్థం పట్టించుకుంటే ఉచ్చారణ పాడవుతుంది" అన్నాడు పచ్చయ్య, జామపండు కొరుకుతూ. "ముందు నోరు తిరగనీ."

నోరు తిరగకపోవడం కాదు బొంతమ్మ చిక్కు. అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక వెళ్ళేది. కానీ "మై డ్రీమ్ ఈజ్" అనగానే పాపం నిజంగానే తన కోరిక కళ్ళ ముందుకొచ్చేది. చల్లటి నీళ్ళు, కాళ్ళ కింద మెత్తటి బురద, నొప్పి మరిచిన మోకాళ్ళు. ఇంకేముంది, తర్వాత మాట గాల్లో కలిసిపోయేది. లోపల ఏ కోరికా లేనివాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. గడగడా అప్పజెప్పేవాళ్ళు.

పరీక్ష రోజు వచ్చింది. అడవి అడవంతా నెగ్గింది. తప్పింది బొంతమ్మా, తాబేలూ. తాబేలు అసలు వరసలో నిలబడలేదు, మడుగు అడుక్కి వెళ్ళి పడుకుంది. దాన్ని పట్టుకునేవాడెవడు? బొంతమ్మని మాత్రం గట్టు దిగనివ్వకుండా కాపలా పెట్టారు. వారం తిరిగేసరికి ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. రాత్రిపూట దుంపలు తవ్వుకుని, వాటి చెమ్మ నాకి బతికింది.

జంబుకరావుకి మాత్రం తల తిరిగిపోయింది. పదిమంది కూడా నెగ్గరనుకుంటే, ఇంతమందీ నెగ్గితే మడుగు ఎట్లా మిగులుతుంది? ఇంతకంటే కఠినమైన పరీక్ష పెట్టాలి, బయటినుంచి పరీక్షకుల్ని పిలవాలి అనుకున్నాడు.

పరీక్షకులు రోడ్డు మీదే దొరికారు. నగరంలో కొత్తగా పెట్టిన జంతు ప్రదర్శనశాలవాళ్ళు లారీ వేసుకుని అడవి చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళకొక నియమం ఉంది. ఏ జంతువునీ బలవంతాన తీసుకుపోకూడదు, నోరారా ఒప్పుకున్నదాన్నే తీసుకెళ్ళాలి. వాళ్ళకి అడవి భాష రాదు. అందుకని మూడేళ్ళుగా ఖాళీ లారీతో వస్తున్నారు, ఖాళీ లారీతో పోతున్నారు. వాళ్ళ కళ్ళజోళ్ళూ, చేతుల్లో కాగితాలూ చూసి జంబుకరావు మురిసిపోయాడు. పరీక్షకులకి ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడు రోడ్డు పక్కన అందరినీ వరసలో నిలబెట్టాడు. తప్పినవాళ్ళకి ఇంకో అవకాశం ఇమ్మని బొంతమ్మ కాళ్ళావేళ్ళా పడితే, చివర్లో నిలబడమన్నాడు. పద్ధతి చూపించడానికి తనే ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, పేరా మొత్తం ఒక్క తప్పు లేకుండా చెప్పాడు.

కళ్ళజోడు పెద్దాయన చేతిలో కలం జారి కిందపడింది. వంగి, నమ్మలేనట్టు "యెస్?" అని అడిగాడు.

"యెస్" అన్నాడు జంబుకరావు. ఆ ఒక్క ముక్కే అర్థం తెలిసి చెప్పాడు.

కాగితం మీద పంజా ముద్ర వేయించుకుని, లారీలో ఇనుప బోను తలుపు తీశారు. అదేదో నెగ్గినవాళ్ళు కూర్చునే చోటనుకుని జంబుకరావు మెడ నిక్కించుకుని ఎక్కాడు. వెనకే అడవిపంది, కోతి, దుప్పి. చిరుతని నిద్రలేపి చెప్పించారు. ఆయన సగం చెప్పి ఆవులించాడు, అయినా తీసుకున్నారు.

అందరిలోకీ వెనక బొంతమ్మ. "మై డ్రీమ్ ఈజ్" అంది. అంతే. మడుగు కళ్ళల్లో మెదిలింది. వారం రోజుల దాహం గొంతులోకొచ్చింది. "నీళ్ళయ్యా, నాకు నీళ్ళు కావాలయ్యా" అని సొంత భాషలో బావురుమంది. పెద్దాయనకి అది ఎలుగుబంటి గాండ్రింపులా వినిపించింది. నాలుగడుగులు వెనక్కి వేసి, ఇది ఒప్పుకోవడం లేదని రాసుకున్నాడు.

ఇంతలో లారీ నిండింది. మిగిలినవాళ్ళని ఇంకో వారం ఆగమని సైగ చేసి బోను గడియ వేశారు. అప్పుడు గానీ జంబుకరావుకి వెలగలేదు. "నాకొద్దు! దింపండి!" అని చువ్వలు పట్టుకుని ఊళ పెట్టాడు. అడవి భాషలో పెట్టిన ఊళ వాళ్ళకేం తెలుస్తుంది? ఎంత సంబరపడుతోందో చూడండి అనుకున్నారు. వెనక మిగిలినవాళ్ళకి లారీ మోతలో ఆ ఊళ వినబడనేలేదు.

బోను కనబడగానే చిటారుకొమ్మకి ఎగిరి నోరు మూసుకున్నది పచ్చయ్య ఒక్కడే. లారీ కదిలాక ఎవరో, "గురువుగారూ, మీరు పరీక్షకి రాలేదే?" అని అడిగారు.

"నేను ఆ కోర్సు పూర్తి చేసి వచ్చినవాణ్ణి నాయనా" అన్నాడు.

కాపలావాళ్ళూ లారీలోనే పోయారు, సెక్రటరీ లేడు. బొంతమ్మ మెల్లగా గట్టు దిగి, మడుగులో కూర్చుంది. కడుపారా తాగింది. తాగినంతసేపూ ఏడ్చింది. అడిగినవన్నీ ఎదురుగా పెట్టుకుని, రెండోసారి కూడా తప్పానే అని ఏడ్చింది.

పరామర్శలు మొదలయ్యాయి. "మావాడు మొదటి లారీలోనే సెలెక్టయ్యాడు వదినా. నాది వచ్చే వారం" అంది దుప్పి తల్లి. "నీకేమిటో పాపం, ఈ నీళ్ళే మిగిలాయి."

"ఇంకా వయసేం మించిపోయింది, మళ్ళీ ప్రయత్నించరాదూ?" అని ఇంకొకరు.

మద్దిచెట్టు కింద బడి మళ్ళీ కిటకిటలాడింది. పచ్చయ్యగారికి పళ్ళు దాచుకోవడానికి తొర్రలు చాలలేదు.

వారం రోజులు మడుగులో కూర్చునేసరికి బొంతమ్మ కడుపు నిండింది, ఒళ్ళు చల్లబడింది, మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఏడో రోజు పొద్దున ఊరికే "మై డ్రీమ్ ఈజ్" అని చూసింది. కళ్ళ ముందుకి ఏమీ రాలేదు. ఇక రావడానికి ఏం మిగిలింది? పేరా మొత్తం నీళ్ళు కారినట్టు చివరిదాకా వచ్చేసింది. గట్టు మీదున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తాబేలొక్కటే నీళ్ళల్లోంచి తల బయటపెట్టి, "వద్దు బొంతమ్మా" అంది.

రోడ్డు మీద లారీ హారన్ మోగింది. కొండ అవతల వాగుకి పోలేని ఆ మోకాళ్ళు రోడ్డు దాకా పరిగెత్తాయి. గొంతులో దాహం లేదు, కళ్ళల్లో నీళ్ళు లేవు. ఒక్క తప్పు కూడా చెప్పలేదు.

ఇందులో నీతి అంటూ ఉంటే ఇదే: మీకు అర్థం కాని భాషలో మీ కల చెప్పుకోకండి, అర్థమైనవాడెవడో దాన్ని నెరవేర్చి పోతాడు.